కొత్త టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 టీచరు పోస్టుల్లో ఒకటి మన ఇంటికి వచ్చిందంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. అదీ గుడిపాల పక్కనే. కానీ మొన్న ఫోన్లో పాఠాల కంటే ఊరి రాజకీయమే ఎక్కువ టెన్షన్‌గా ఉందన్నావు. ఆ మాట నా మనసులోంచి పోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సర్వీసులో 1985లో సమితులు పోయి మండలాలొచ్చాయి. 2014లో రాష్ట్రం రెండయింది. 2022లో తిరుపతి మన జిల్లా నుంచి విడిపోయింది. ప్రతిసారీ రిజిస్టర్ల మీద హెడ్డింగులు మార్చుకుంటూ పోయాం. 2024లో ప్రభుత్వం మారాక బ్యాగులు, పుస్తకాలు ఇచ్చే విద్యా కానుక కాస్తా సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది, మధ్యాహ్న భోజనం గోరుముద్ద డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకుంది, అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాగితం మీద కొత్త పేరే రాయి. తల్లులు మాత్రం ఇంకా 'అమ్మ ఒడి డబ్బులు' అనే అంటారు. అననీ. సరిదిద్దబోతే నువ్వు ఆ పార్టీ మనిషివని ముద్ర పడుతుంది. రాధాకృష్ణన్ గారు చిన్నతనంలో తిరుపతి మిషన్ బడిలో చదువుకున్నారని మాత్రం పిల్లలకు చెప్పు, వాళ్ళకు గర్వంగా ఉంటుంది.

అక్క వాడిన పాత బ్యాగు తెచ్చుకునే పిల్లలు నీ క్లాసులో ఉంటారు. దాని మీద పాత పథకం పేరుంటుంది. ఒకసారి బడికి వచ్చిన ఊరి పెద్ద ఒకాయన అలాంటి బ్యాగును చూసి "ఇంకా ఇదేనా?" అని అందరి ముందూ నవ్వాడు. ఆ పాప ఆ పూటంతా బ్యాగును గోడవైపు తిప్పి పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. ఎవరైనా అలా మాట్లాడితే అక్కడే, మర్యాదగా, "సార్, పిల్లల ముందు వద్దు" అను. నువ్వు కొత్తదానివైనా సరే, ఆ గదిలో ఆ మాట అనాల్సింది నువ్వే.

ఇక అసలు సంగతి. 2022లో జీవో 117 వచ్చి చాలా ఊళ్ళలో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపారు. 2025లో దాన్ని తీసేసి బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ బళ్ళంటూ మళ్ళీ సర్దారు. ఏది మంచిదని స్టాఫ్ రూముల్లో ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ ఈ మార్పుల మధ్య బళ్ళు మారిన పిల్లలున్నారు చూడు, వాళ్ళు నలిగిపోయారు. కాబట్టి మొదటి వారం సిలబస్ వెంట పరుగెత్తకు. ఒక్కొక్కరినీ నీ బల్ల దగ్గరికి పిలిచి, రెండో తరగతి వాచకంలోంచి నాలుగు వాక్యాలు చదివించు. వరుసలో కూర్చుని పక్కవాడితో గొంతు కలిపే పిల్లలు చదువుతున్నట్టే ఉంటారు. ఒంటరిగా నిలబెడితే ఒత్తు దగ్గర ఆగిపోతారు. ఎవరు ఎక్కడ ఆగారో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. పై వాళ్ళ కోసం కాదు, నీ కోసం. మీ వైపు చాలా ఇళ్ళలో అరవం మాట్లాడతారు. ఆ పిల్లాడు జవాబు చెప్పలేదంటే తెలియదని అనుకోకు. నీకు వచ్చిన నాలుగు అరవం ముక్కలతో అడిగి చూడు, మొహం వెలిగిపోతుంది.

నువ్వు ఏ పక్షమో తెలుసుకోవాలని ఊళ్ళో అందరికీ ఉంటుంది. నీ కులం అడుగుతారు, మీ నాన్న ఎవరికి ఓటేస్తాడని అడుగుతారు. నవ్వి ఊరుకో. ఏ నాయకుడి ఇంటి పై పోర్షనూ అద్దెకు తీసుకోకు, వంద రూపాయలు తగ్గించినా సరే. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నీ ఫొటో వేయనివ్వకు, వాట్సాప్ స్టేటస్‌లో ఏ పార్టీ వీడియో పెట్టకు. ప్రభుత్వ ఉద్యోగులకున్న 1964 నాటి ప్రవర్తనా నియమావళి నీకూ వర్తిస్తుంది. పైగా ప్రొబేషన్లో ఉన్నావు. అధికారంలో పార్టీ మారగానే మధ్యాహ్న భోజనం వండే ఆమెను మార్చమని కూడా ఒత్తిడి తెస్తారు. నోటి మాట మీద ఏదీ చేయొద్దు. ఏది చెప్పినా రాసిమ్మని అడుగు, దాన్ని హెడ్మాస్టర్ ద్వారా మండల విద్యాధికారికి (ఎంఈఓకు) పంపించు. రాసిమ్మంటే సగం మంది మళ్ళీ రారు.

ఓటు నీ ఇష్టం. ఉద్యమాలకు నేను వ్యతిరేకినీ కాదు. 2013లో సమైక్యాంధ్ర సమ్మెలో మేమూ రోడ్డెక్కాం, వారాల తరబడి బడులు మూతపడ్డాయి. సమ్మె అయిపోయాక పోయిన పాఠాలను సెలవు రోజుల్లో కూర్చోబెట్టి చెప్పాం. పదో తరగతి పిల్లలకు ఆ బాకీ తీర్చే దాకా నాకు నిద్ర పట్టలేదు. నువ్వూ ఎప్పుడైనా అలా దిగాల్సి వస్తే, ఆ పిల్లల సంగతి ముందే ఆలోచించుకుని దిగు.

కాగితాల విషయం. జాయినింగ్ రిపోర్టు కాపీ మీద సంతకం, తేదీ వేయించి దాచుకో. పెన్షన్ ఖాతాకు ప్రాన్ నంబరు, ప్రభుత్వ జీవిత బీమా ఏపీజీఎల్‌ఐ ఆలస్యం చేయకు. మొదటి జీతం చేతికి రావడానికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు, అద్దెకు ఇబ్బందైతే నన్నడుగు, మొహమాటపడకు. ఏ సంఘంలో చేరాలో తొందరపడి తేల్చుకోకు కానీ, సంఘాలు వేసే డైరీ ఒకటి కొను. సెలవుల రూల్స్ అన్నీ అందులో ఉంటాయి.

వచ్చే ఆదివారం ఇంటికి రా. సంగటి, పప్పు చేసి పెడతాను. సర్వీసు రిజిస్టరు (ఎస్‌ఆర్) మొదటి పేజీ జిరాక్స్ మరిచిపోకు. ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఎక్కాయో లేదో నేను చూస్తాను. అక్కడ తప్పు పడితే రిటైరయ్యే దాకా తిప్పలే.

ఇట్లు
మీ పెద్దమ్మ