హెవీవెయిట్ బాక్సింగ్ ర్యాంకింగుల్లో పేరు కాదు, తేదీ చూడండి

ప్రశ్న: ఒక్కసారి కూడా ఓడని రాకీ మార్సియానోని కాదని, ఐదుసార్లు ఓడిన మహమ్మద్ అలీని మొదటి స్థానంలో పెట్టడం న్యాయమేనా? టైసన్‌ని ఎక్కడ పెట్టాలి? అసలు దేన్ని బట్టి లెక్కేయాలి?

న్యాయమే. 49 పోటీలాడి 49 గెలవడం మామూలు సంగతి కాదు. కానీ గెలుపోటముల అంకెలు ఎవరితో తలపడ్డారో చెప్పవు. ఎవరితోనో తెలిసినా, ఎప్పుడన్నది చూడకపోతే సగమే చూసినట్టు. ర్యాంకింగుల గొడవలు చాలావరకు ఇక్కడే దారి తప్పుతాయి.

నాలుగు ఫలితాలు తీసుకోండి. 1951లో మార్సియానో జో లూయిస్‌ని పడగొట్టాడు. 1980లో లారీ హోమ్స్ అలీని చితక్కొట్టాడు. 1988లో టైసన్ నాలుగో రౌండులో హోమ్స్ పని ముగించాడు. 2002లో లెనాక్స్ లూయిస్ ఎనిమిదో రౌండులో టైసన్‌ని నాకౌట్ చేశాడు. నాలుగూ మహామహుల మీద గెలుపులే, కానీ నా లెక్కలో వీటికి పడే మార్కులు దాదాపు సున్నా. జో లూయిస్ 1949లో రిటైరై, పన్ను బాకీలు తరుముతుంటే మళ్లీ గ్లవ్స్ తొడిగినవాడు. అలీ రెండేళ్లు పోటీల్లేకుండా, థైరాయిడ్ మందులు వాడుతూ రింగులోకి దిగాడు. హోమ్స్‌కి దాదాపు 21 నెలల విరామం. టైసన్ దూకుడు అప్పటికి ఒకటి రెండు రౌండ్లకు మించి నిలవడం లేదు.

అలాగని వయసు ఒక్కటే చూసి కొట్టేయకూడదు. 1980 అలీకి, 1988 హోమ్స్‌కి, 1952లో మార్సియానో చేతిలో ఓడిన జెర్సీ జో వాల్కాట్‌కి, ముగ్గురికీ 38 ఏళ్లే. కానీ వాల్కాట్ అప్పటి ఛాంపియన్. అంతకుముందు ఏడాదిన్నర లోపే ఎజర్డ్ చార్లెస్‌ని రెండుసార్లు ఓడించాడు. మార్సియానోని మొదటి రౌండులోనే కింద పడేశాడు. 12 రౌండ్లు ముగిసేసరికి, రౌండు రౌండుకీ పాయింట్లు వేసే ముగ్గురు జడ్జిల కార్డుల్లోనూ అతనే ముందున్నాడు. 13వ రౌండులో మార్సియానో కుడి చేతి దెబ్బ ఒకటి తగిలింది, అంతే. ఈ గెలుపుకి పూర్తి మార్కులు వేయాల్సిందే. ఇక 2002లో టైసన్ కంటే లెనాక్సే పది నెలలు పెద్దవాడు. అంటే పుట్టిన తేదీతోనూ పని జరగదు, ప్రత్యర్థి ఆ ముందు ఏడాదిన్నర ఏం చేశాడో చూడాలి.

నేను వాడే పద్ధతి ఇది. ఒక్కో బాక్సర్‌కి అత్యుత్తమమైన గెలుపులు ఆరు రాసుకోండి. ప్రతి పేరు పక్కన ఆ రోజు ప్రత్యర్థి వయసు, అతని చివరి మూడు పోటీల ఫలితాలు, మధ్యలో విరామం, ఇద్దరి బరువులు, పోటీ ముగిసేటప్పుడు జడ్జిల కార్డులు ఎలా ఉన్నాయో రాయండి. ప్రత్యర్థి మంచి ఊపులో ఉంటే 2, దిగజారుతుంటే 1, అయిపోయినవాడైతే 0. ఆరుకి మించి రాస్తే సాదాసీదా గెలుపులు చేరి మొత్తాన్ని ఉబ్బించేస్తాయి. టైటిల్ నిలబెట్టుకున్న సంఖ్యతో వచ్చే చిక్కు కూడా ఇదే. జో లూయిస్ 25 సార్లు, హోమ్స్ 20 సార్లు నిలబెట్టుకున్నారు. నిలకడకి అది గొప్ప సాక్ష్యమే. కానీ 1940 డిసెంబరు నుంచి 1941 జూన్ దాకా జో లూయిస్ నెలకొకరి చొప్పున తలపడినవాళ్లలో ఎక్కువమంది అతని స్థాయి వాళ్లు కారు.

ఈ పద్ధతిలో అలీ అందనంత ఎత్తుకు వెళ్తాడు. 1964లో అతను ఓడించిన సోనీ లిస్టన్, ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని రెండుసార్లు మొదటి రౌండులోనే పడగొట్టి వచ్చినవాడు. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో ఎదురైన జార్జ్ ఫోర్‌మన్‌కి 25 ఏళ్లు, 40 పోటీల్లో ఓటమి లేదు, జో ఫ్రేజియర్‌నీ కెన్ నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో ముగించాడు. హెవీవెయిట్ చరిత్రలో ఇంతకంటే బరువైన గెలుపు నాకు కనపడదు. పైగా 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు దాకా, మంచి వయసులో, అలీని రింగులోకే రానివ్వలేదు. అలీ అభిమానులూ ఒకటి ఒప్పుకోవాలి: 1976లో నార్టన్‌తో మూడో పోటీ, జిమ్మీ యంగ్‌తో పోటీ, రెండు నిర్ణయాలూ సందేహాస్పదమే. వాటికి ఒక్క మార్కుకి మించి వేయను.

ఓటములను కూడా తేదీతోనే తూచాలి. ఫ్రేజియర్ ఓడింది నాలుగుసార్లు, రెండు అలీ చేతిలో, రెండు ఫోర్‌మన్ చేతిలో. దానికి మార్కులు కోయడం అన్యాయం. లెనాక్స్‌ని ఆలివర్ మెకాల్, హసీం రహ్మాన్ ఒక్కొక్క దెబ్బతో పడేశారు. ఇద్దరి మీదా తిరిగి గెలిచాడు కాబట్టి సగమే తగ్గిస్తాను. పూర్తిగా మాఫీ చేయకూడదు, ఎందుకంటే రెండు ఓటములూ అతను మంచి వయసులో ఉన్నప్పటివే.

పాత పోటీలు చూసేటప్పుడు రౌండ్ల సంఖ్య మరవొద్దు. 1980ల దాకా టైటిల్ పోటీ అంటే 15 రౌండ్లు, ఇప్పుడు 12. 1941లో బిల్లీ కాన్ 12 రౌండ్లయ్యాక రెండు కార్డుల్లో జో లూయిస్ కంటే ముందున్నాడు, 13వ రౌండులో నాకౌటయ్యాడు. 1978లో హోమ్స్-నార్టన్ పోటీని తేల్చింది 15వ రౌండే. ‘ఇప్పటి నిబంధనల ప్రకారం కాన్, వాల్కాట్ గెలిచేవాళ్లు’ అనే వాదన మాత్రం చెల్లదు. 12 రౌండ్లే ఉన్నాయని తెలిస్తే వెనకబడినవాడు ముందే విరుచుకుపడతాడు.

‘ఇద్దరూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు’ అన్న ప్రశ్నకి వేరే జాబితా పెట్టుకోండి. మార్సియానో బరువు 84 కిలోలు, లెనాక్స్ ఆఖరి రోజుల్లో 110 కిలోలకు పైనే. ఇవాళ 90.7 కిలోల లోపువాళ్లు హెవీవెయిట్ కంటే తక్కువ బరువు తరగతి అయిన క్రూజర్‌వెయిట్‌లో ఆడతారు. రెండు ప్రశ్నలనీ కలిపేస్తే పాతవాళ్లంతా పొట్టివాళ్లని కిందికి పోతారు, అది వాళ్ల ఘనతకి కొలత కాదు.

20వ శతాబ్దం తొలినాళ్ల జాక్ జాన్సన్, డెంప్సీ కాలాన్ని నేను వీళ్లతో కలపను. అప్పట్లో చాలాచోట్ల నాకౌట్ కాకపోతే అధికారిక ఫలితమే ఉండేది కాదు, మర్నాడు పత్రికలు రాసిందే తీర్పు. అందుకే ఒకే బాక్సర్ రికార్డు ఒక్కోచోట ఒక్కోలా కనపడుతుంది. వర్ణ వివక్ష మరో అడ్డంకి. ఛాంపియన్‌గా ఉన్న ఏడేళ్లలో డెంప్సీ ఒక్కసారి కూడా నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్‌తో తలపడలేదు. జాన్సన్ మరో నల్లజాతి బాక్సర్ సామ్ లాంగ్‌ఫర్డ్‌ని ఓడించింది 1906లో, అప్పటికి లాంగ్‌ఫర్డ్ అతనికంటే చాలా తేలిక. ఛాంపియన్ అయ్యాక మళ్లీ అవకాశం ఇవ్వలేదు.

నా వరుస: అలీ, జో లూయిస్, లెనాక్స్, హోమ్స్, ఫోర్‌మన్, ఇవాండర్ హోలీఫీల్డ్, మార్సియానో, ఫ్రేజియర్, టైసన్. లెనాక్స్, హోమ్స్ మధ్య తేడా వెంట్రుకవాసి. వేర్వేరు సంస్థల టైటిళ్లున్న సాటి బెల్టుదారులతో తలపడి అన్నీ ఒక్కటి చేసే పని హోమ్స్ చేయలేదు, లెనాక్స్ చేశాడు. మార్సియానో ఏడో స్థానానికి దిగింది ఓడనందుకు కాదు, వాల్కాట్ తర్వాత అతనికి దొరికిన పెద్ద పేర్లన్నీ వయసు మళ్లినవో, ఫామ్ తగ్గినవో కావడం వల్ల. 1954లో రెండుసార్లు ఎదురైన చార్లెస్ ముందు ఏడాదే రెండు పోటీలు ఓడి ఉన్నాడు. ఆర్చీ మూర్ మాత్రం మంచి ఊపులో ఉన్నాడు, కాబట్టి వయసు 40కి అటూఇటూ అయినా అతని మీద గెలుపుకి మార్కులు తగ్గించను.

టైసన్‌కి 1987లో టోనీ టక్కర్ మీద, 1988లో 91 సెకన్లలో మైకేల్ స్పింక్స్ మీద వచ్చినవి పూర్తి మార్కుల గెలుపులు. ఇద్దరూ అప్పటిదాకా ఓడనివాళ్లే. ఆ రెండేళ్ల టైసన్‌ని చూసి మూడో స్థానం ఇచ్చేవాళ్లున్నారు. అయితే 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడినప్పుడు అతనికి 23 ఏళ్లు. దాన్ని ముసలితనం ఖాతాలో వేయలేం. తనని ఓడించినవాళ్లలో ఒక్కరి మీదా తిరిగి గెలవలేదు. అతను పూర్తిగా దిగజారాక వచ్చిన 2004, 2005 ఓటములను మాత్రం లెక్కలోకే తీసుకోకండి.