ఆరు చక్రాల కారు ధర

పద్మారావునగర్, సికింద్రాబాద్.

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. ఊరి సంగతులన్నీ అయిపోయాక, ఇక పెట్టేస్తుందనగా, "వాడు విడి భాగాలు కూర్చి చేసుకునే పాత బొమ్మ కార్ల కిట్లు మూడు తెప్పిస్తున్నాడట, లక్షా ఎనభై వేలట, ఇదంతా నువ్వు నేర్పిందే కదా అన్నయ్యా" అంది. ఆ మాటలో నింద ఎంతో మురిపెం ఎంతో రాత్రంతా ఆలోచించినా తేల్చుకోలేక, తెల్లవారుజామునే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే" అంటూనే మధ్యలో ఇంకో కాల్ ఎత్తుతావు కాబట్టి ఉత్తరమే నయమనిపించింది.

నువ్వు ఎంచుకున్న వాటిలో పోచర్ వాళ్ల రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2 ఉందని విన్నప్పుడు నాకు గర్వంగానే అనిపించింది, దాచడం ఎందుకు. ఇటలీలోని టురిన్‌లో తయారైన, 1/8 కొలతలో, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు సైజులో, రెండు వేలకు పైగా భాగాలున్న కిట్ అది; దానికి చేయి పెట్టేవాడికి ఓపిక ఉండాలి. చిన్నప్పుడు నిన్ను చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకువెళ్లి, నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు నిలబెడితే, అందరూ దాని హెడ్‌లైట్లు చూస్తుంటే నువ్వు వంగి చక్రాల వెనక ఏముందో చూశావు. ఆ చూపు ఇంకా పోలేదన్నమాట.

కానీ నీ లెక్క వినగానే గుండె గుభేలుమంది. మూడింటిలో రోల్స్ ఒక్కటి కూర్చుకుంటావట, మిగిలిన రెండింటినీ సీలు విప్పకుండా పదేళ్లు దాచి రెట్టింపు ధరకు అమ్ముతావట, ఆ లాభంతో మొదటిదాని ఖర్చు కూడా తీరిపోయి సరదా అంతా ఉచితమవుతుందట. ముప్పై ఏళ్ల కిందట నేను అచ్చం ఇదే లెక్క ఒక కాగితం మీద వేసి డైరీలో పెట్టుకున్నాను. ఆ కాగితం కథ ఇంతవరకూ నీకు ఎవరూ చెప్పలేదు.

దానికి ముందు తేలిక విషయాలు. డబ్బు పంపేలోపు పెట్టె లోపలి సంచుల ఫోటోలు అడిగి తెప్పించుకో. భాగాల పట్టికతో మరల దాకా సరిచూడు. పోచర్ కిట్‌లో ఒక చిన్న మర లోపించినా అది రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లలో దొరికే సరుకు కాదు. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీసి ఉంచు. కస్టమ్స్ సంగతి మాత్రం ఒక వాక్యంతో పోదు. మనం ఎంత అపురూపమని చెప్పుకున్నా వాళ్ల పద్దులో అది బొమ్మ. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచారు. సుంకం కట్టేది పెట్టె ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. ఆపైన జీఎస్టీ ఉంటుంది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు కూడా తప్పనిసరి చేశారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఇటలీలో చేసిన పెట్టె మీద ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? ఇవాళ్టి రేటు ఎంతో, పార్సిల్ వదలడానికి ఏమేమి అడుగుతారో ఒక కస్టమ్స్ ఏజెంటును కనుక్కున్నాకే డబ్బు పంపు. నీ లక్షా ఎనభై వేలు సుంకం కలిపిన లెక్కా, కలపని లెక్కా అని అడిగితే మీ అమ్మ చెప్పలేకపోయింది. నీకైనా తెలుసా?

ఇక నా కథ. మా హాలులో టీవీ పక్క అద్దాల బీరువాలో ఉన్న నీలం కారు, ముందు నాలుగు చిన్న చక్రాలూ వెనక రెండు పెద్ద చక్రాలూ ఉన్న టిరెల్ పీ34 అనే ఫార్ములా వన్ పందెపు కారు, నీకు బాగా తెలిసినదే. 1976లో స్వీడన్ గ్రాండ్ ప్రిలో మొదటి స్థానం, రెండో స్థానం రెండూ ఆ ఆరు చక్రాల కార్లకే వచ్చాయి. 1977తో దాని పందేలు ముగిశాయి. జపాన్‌లో తామియా వాళ్లు దాన్ని 1/12 కొలతలో కిట్‌గా తెచ్చారు. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగంలో రోజంతా గీతలు గీసే నాకు, వాళ్ల సూచనల కాగితం మీది గీత చూస్తేనే కడుపు నిండేది.

1992లో తోటి ఉద్యోగి ఒకాయన, బొంబాయిలో ఎవరి దగ్గరో ఆ కిట్ సీలు విప్పకుండా ఉందనీ, దాని భాగాలు పోతపోసే అచ్చు ఇక పనికిరాదు కాబట్టి మళ్లీ ఎన్నడూ రాదనీ చెప్పాడు. అడిగిన ధర తొమ్మిది వేలు. నా జీతం అప్పుడు నెలకు మూడు వేల రెండు వందలు. ఇంట్లో నా పేరున పాతిక వేల చీటీ ఒకటి నడుస్తుండేది. మీ అమ్మ బీఎడ్ కోసం మా నాన్నగారు వేయించినది. చివరిదాకా ఆగితే డబ్బు నిండుగా వచ్చేది. నేను మధ్యలోనే పాటకు వెళ్లి, పోటీకి వచ్చినవాళ్లను మించి ఆరు వేలు వదులుకుని ఎత్తుకున్నాను. చేతికి వచ్చిన పంతొమ్మిది వేలలో తొమ్మిది వేలు బొంబాయికి పంపాను. "ఈసారి పాట బాగా పైకి పోయింది నాన్నా" అని ఇంట్లో అబద్ధం చెప్పాను. ఐదేళ్లకు పెట్టె ధర పద్దెనిమిది వేలవుతుందనీ, పోయినదంతా వడ్డీతో సహా పూడ్చేయవచ్చనీ రాసుకున్నది ఆ కాగితం మీదే.

ఆ వేసవిలో మీ అమ్మకు గుంటూరులో సీటు వచ్చింది. ఫీజూ హాస్టలూ కలిపి పద్నాలుగు వేలు కావాలి, ఉన్నవి పది. ఆమె చేరలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే అన్నయ్యా, ఈలోపు ట్యూషన్లు చెప్పుకుంటాను" అంది. చీటీ డబ్బు అంత తక్కువ ఎందుకు వచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పెట్టెను పాత దుప్పటిలో చుట్టి మేడ మీది గది అటక మీద పెట్టాను. దాని మీద శ్లాబు, శ్లాబు మీద హైదరాబాద్ ఎండ. మే నెలలో తాకితే పెట్టె అట్ట జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉండేది. ఏడాదికి ఒకసారి దించి, దుమ్ము తుడిచి, సీలు చెక్కుచెదరలేదని చూసుకుని మళ్లీ ఎక్కించేవాడిని. విప్పితే ధర పడిపోతుందన్న భయంతో లోపల ఏముందో పదిహేనేళ్లు చూడలేదు. ఇంతలో తామియా వాళ్లు అదే కారును, సన్నని లోహపు రేకు భాగాలు కూడా చేర్చి, మళ్లీ విడుదల చేశారు. ఎన్నడూ రాదన్న అచ్చు నిక్షేపంలా ఉంది! ఇక నా పాత పెట్టెకు, నేను పెట్టిన తొమ్మిది వేలు ఇచ్చేవాడు కూడా దొరకలేదు.

నీకప్పుడు తొమ్మిదేళ్లు, సెలవులకు మా ఇంటికి వచ్చావు. ఒక మధ్యాహ్నం ఆ ఉక్రోషంలో పెట్టె దించి బ్లేడుతో సీలు చీల్చాను. లోపల టైర్లు నీలం భాగాలను ఆనుకుని ఉన్నాయి. టైరు మెత్తగా ఉండటానికి వినైల్‌లో కలిపే పదార్థం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది, ఆనుకున్న పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా. ఒక చిన్న టైరును లాగితే బెల్లం పాకంలా తీగ సాగి, బాడీ మీద దాని గాడుల అచ్చు అలాగే దిగి ఉంది. డెకాల్స్, అంటే కారు మీద అంటించే అంకెలూ రాతలూ, పాత శుభలేఖలా పసుపెక్కాయి. నేను గోడకు చేరగిలబడి కూర్చుంటే నువ్వు "మామయ్యా, ఆరు చక్రాలా!" అని గెంతావు.

ఆ తరువాతి ఇరవై రోజులు నీకు గుర్తే. డెకాల్స్‌ను కవరులో పెట్టి తూర్పు కిటికీ అద్దానికి అంటించి, ఎండతో పసుపును చాలావరకు పోగొట్టాం. కరిగిన చోట పుట్టీ నింపి, నీళ్లతో రుద్దే గరుకు కాగితంతో నీచేత అరగదీయించాను. ఈసారి వచ్చినప్పుడు ఎడమవైపు రెండో చిన్న చక్రం వెనక వేలు పోనిచ్చి చూడు, ఆ గుంట ఇప్పటికీ తగులుతుంది. ఆ సెలవులను నువ్వు ఎప్పుడు తలుచుకున్నా మీ అమ్మ నవ్వుతుంది, నేను టీవీ వైపు తిరిగిపోతాను.

కాబట్టి ధర ఎంత అని అడగడానికి ముందు, అచ్చు ఎక్కడుంది అని అడుగు. నీ జాబితాలో రెండోది తామియా 1/12 హోండా ఆర్ఏ273, అదీ పందెపు కారే. ఆ కిట్ మొదట వచ్చింది 1967లో, తరువాత మళ్లీ వచ్చింది, రేపు ఇంకోసారి రాదని హామీ ఏమీ లేదు. దాన్ని దాచడానికి కొనడమంటే నేను చేసిన తప్పునే ఇంకొంచెం ఖరీదుగా చేయడం. మూడోది, 1960ల నాటి ఏఎమ్‌టీ అనే సంస్థ చేసిన అమెరికన్ కారు, కొంత వేరు. 1958 నుంచి వాళ్లు ఏటా ఆ ఏటి కార్లకు 1/25 కిట్లు తెచ్చేవారు. అసలు కారు రూపం మారినప్పుడల్లా పాత అచ్చునే చెక్కి కొత్త ఏడాది కారుగా మార్చేసేవారు. అందుకే కొన్ని మొదటి పెట్టెలు తిరిగి రావడం కష్టం, అప్పట్లో రెండు డాలర్ల లోపు అమ్మిన వాటికి ఇప్పుడు వందల డాలర్లు ఇచ్చేవాళ్లు ఉన్నారు. అయినా రౌండ్ 2 అనే సంస్థ ఏఎమ్‌టీ, అలాంటిదే అయిన ఎమ్‌పీసీ కంపెనీల పాత కిట్లను వరుసగా తిరిగి తెస్తూనే ఉంది, కొన్నింటికి కొత్త అచ్చులే చేయిస్తోంది. పైగా ఆ వందల డాలర్లు ఇచ్చేది ఎవరనుకున్నావు? చిన్నతనంలో ఆ కారును తండ్రి కొంటుంటే పక్కన నిలబడి చూసినవాడు, అంటే నాకంటే పెద్దవాడు. పదేళ్ల తరువాత నువ్వు అమ్మబోయేటప్పుడు అతను ఉంటాడా?

ఈ సరదాకు మనుషులు ఎంత పెడతారో నాకు తెలియక కాదు. 1/24 తామియా కిట్‌తో, నాలుగైదు వేల రూపాయలతో, మొదలైనవాడే నాలుగేళ్లకు మోడల్ ఫ్యాక్టరీ హిరో వాళ్ల లోహపు, రెజిన్ భాగాల పెట్టె ఒక్కదానికి యాభై వేల యెన్‌ల పైన ఇస్తాడు. భాగాలను విడతలుగా పంపే పథకాల్లో మొదటి విడత చవక, ఆపైన అసలు ధర. అన్నీ కూడితే పూర్తయిన కారు ధరకు స్కూటరు వస్తుంది. పెట్టె ధర మొదటి మెట్టు మాత్రమే. డెకాల్స్ పాడైతే కొత్తవి, రేకు భాగాలు, రంగులు, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్ కలిసి ఒక్కోసారి కిట్‌ను మించిపోతాయి. ఇవన్నీ ఖర్చు అనుకుని పెట్టేవాడి గురించి నాకు బెంగ లేదు. సినిమాకు వెళ్లినవాడు టికెట్ డబ్బు తిరిగి రావాలనుకోడు కదా. ఖర్చును పొదుపు అని పేరు మార్చి పిలుచుకునేవాడి గురించే నా భయమంతా.

ఇంకో భయం కూడా ఉంది, చాదస్తమనుకున్నా సరే. కొండాపూర్‌లో మీది రెండు పడక గదుల ఫ్లాట్. ఘాటైన ల్యాకర్ (lacquer) రంగులూ థిన్నరూ ఏసీ గది తలుపులు మూసి కొట్టవద్దు. బాల్కనీ వైపు ఫ్యాను పెట్టి, ఆవిర్లను ఆపే మాస్కు వేసుకుని కొట్టు. గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది. నాకు రెండేళ్లు పట్టిన దగ్గుకు డాక్టరు కారణం అడిగితే మీ అత్త నా ముఖం కేసి చూసింది, నేనేమో ఇంటి పక్క రోడ్డు దుమ్మన్నాను.

అన్నట్టు, కోడలుపిల్లకు ఈ అంకె చెప్పావా? "చెప్పాడో లేదో" అంటూ మీ అమ్మ గొంతు తగ్గించింది, ఆ గొంతు నాకు తెలుసు. బోనస్ డబ్బు నీదే, ఎవరూ కాదనరు. అయినా పూర్తి అంకె, సుంకంతో సహా, ఆమెకు చెప్పాకే ఆర్డర్ పెట్టు. చెప్పడానికి నోరు రాకపోతే ఆ అంకె నీకే ఎక్కువగా తోస్తోందన్నమాట, అప్పుడు రోల్స్ ఒక్కటే తెప్పించుకో. నన్నడిగితే ఎలాగైనా అదొక్కటే తెప్పించుకోమంటాను.

వచ్చే ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. మీ అత్త గుత్తి వంకాయ చేస్తానంది. రోల్స్ వచ్చాక పెట్టె మా ఇంట్లోనే, మొదటి రోజే విప్పుదాం. టైర్లు ముందు తీసి వేరు చేయాలి, అందుకోసం జిప్‌లాక్ కవర్లు బేగంబజారులో ఈ వారమే తెచ్చి పెడతాను. మీ అమ్మను కూడా ఆదివారం రమ్మన్నాను. చీటీ సంగతి ఆమె దగ్గర నువ్వు ఎత్తవద్దు, భోజనాలయ్యాక నేనే చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య