ఉడికిన బఠాణీల మీద నీ అనుమానానికి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "బఠాణీల్లో పిండి తప్ప ఏముంది పెద్దమ్మా? ఉన్న కాస్త విటమిన్లూ ఉడికిస్తే పోతాయట కదా, ఇంక పెట్టడం మానేయనా?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పొచ్చు గానీ, ఆహార సలహాలు చెప్పే ఉద్యోగంలో ముప్పై ఏళ్లపాటు ఈ మాట ఎంతోమంది నోట విన్నాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మానెయ్యకు తల్లీ. వండే పద్ధతి మార్చుకో, చాలు.

ముందు పిండి సంగతి చూద్దాం. తొక్కతో ఉడికించిన బంగాళదుంప 100 గ్రాములు తీసుకుంటే 87 కేలరీలు వస్తాయి. ఉడికిన పచ్చి బఠాణీలు అంతే తీసుకుంటే 84. ఇక్కడిదాకా చూసి రెండూ ఒకటేనని అందరూ ఆగిపోతారు. కానీ ఆ దుంపలో మాంసకృత్తులు 2 గ్రాములు కూడా లేవు, బఠాణీల్లో 5.4 గ్రాములున్నాయి. పీచు దుంపలో 1.8 గ్రాములైతే బఠాణీల్లో 5.5. అంటే రెండూ దాదాపు మూడింతలు. కొవ్వు లేనట్టే. ఒక నిండు కప్పు, అంటే 160 గ్రాముల ఉడికిన బఠాణీలు తింటే దాదాపు 9 గ్రాముల పీచు అందుతుంది. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలంటారు కదా, అందులో మూడో వంతు ఈ ఒక్క కప్పులోనే వచ్చేసింది. పీచు అంత ఉండబట్టే అందులోని పిండి రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా మెల్లగా చేరుతుంది. తిన్న గంటకే మళ్లీ ఆకలి వెయ్యదు.

నన్నడిగితే బఠాణీని కూరగాయల లెక్కలో వెయ్యడమే తప్పు. అది పప్పుజాతి గింజ, ముదరక ముందే కోసుకుంటున్నాం, అంతే. రంగు కోసం పైన నాలుగు గింజలు చల్లి వదిలేస్తే ఒంటికి పట్టేదేమీ ఉండదు. గుప్పెడు వేస్తేనే లెక్కలోకి వస్తుంది. ఉడికిన మసూర్ పప్పులో 100 గ్రాములకి 9 గ్రాముల మాంసకృత్తులుంటాయి. బఠాణీలు అంత ఇవ్వవు గానీ, మిగతా కూరగాయల కన్నా చాలా నయం. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతాయి. వాటిలో బియ్యం, గోధుమల్లో తక్కువగా ఉండే లైసిన్ అనేది బఠాణీల్లో దండిగా ఉంటుంది. బఠాణీల్లో తక్కువపడే మెథియోనిన్ అనే ఇంకో ముక్కని ఆ ధాన్యాలు పూడుస్తాయి. రెండూ ఒకే ముద్దలో కలవక్కర్లేదు, ఆ రోజు తిండిలో ఎక్కడో ఒకచోట రెండూ ఉంటే సరిపోతుంది.

ఇక నీ అసలు టెన్షన్, విటమిన్లు. నువ్వు విన్నదాంట్లో కొంత నిజముంది. పచ్చి గింజల్లో 100 గ్రాములకి 40 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. నీళ్లలో ఉడికించి వార్చాక చూస్తే 14 మిగులుతుంది. కొంత వేడికి పోతుంది, కొంత మనం పారబోసిన నీళ్లలో పోతుంది. కానీ పోయేవాటి గురించే మాట్లాడుకుంటాం గానీ మిగిలేవాటి మాట ఎవరూ ఎత్తరు. మాంసకృత్తులు, పీచు ఎక్కడికీ పోవు. ఉడికిన గింజల్లో ఫోలేట్ అనే బి విటమిన్ ఇంకా 60 మైక్రోగ్రాముల పైనే ఉంటుంది. ఇనుము 1.5 మిల్లీగ్రాములు, జింక్ 1.2, విటమిన్ కె 26 మైక్రోగ్రాములు. కంటికి మేలుచేసే ల్యూటిన్ కూడా ఉంది, అది కొవ్వులో కరిగేది కాబట్టి అర చెంచా నూనో నెయ్యో తగిలితే ఒంటికి బాగా పడుతుంది.

ఒక సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పర్యవేక్షణలో ఒక పెద్ద వంటగది ఉండేది. అక్కడ బఠాణీలు ఎప్పుడు చూసినా మిలమిలా మెరిసే ఆకుపచ్చగా ఉండేవి. నేనూ మెచ్చుకున్నాను. ఒకరోజు గంగాళం వారుస్తుంటే పక్కన నిలబడ్డాను. కాలవలోకి పోతున్న నీళ్లు పచ్చటి రసంలా ఉన్నాయి. ఒక గింజ తీసి వేళ్లతో నొక్కాను. తొక్క జారిపోయి లోపలిదంతా జిగురుముద్దలా అంటుకుంది. రంగు నిలవడానికి వంటసోడా వేస్తున్నారని అప్పుడు తెలిసింది. సోడా వేస్తే రంగు నిలిచే మాట నిజమే. కానీ బి1, సి విటమిన్లు రెండూ దెబ్బతింటాయి. అప్పటిదాకా అడగనందుకు ఇవాళ్టికీ బాధే నాకు. ఆ అన్నం తిన్నవాళ్లలో చాలామంది నీరసంగా ఉన్నవాళ్లే. నువ్వు మాత్రం చిటికెడు కూడా వెయ్యకు.

ఇలా చెయ్యి. కప్పు గింజలకి పావు కప్పు నీళ్లు చాలు. నీళ్లు తెర్లాక గింజలు వెయ్యి, ముందు వేసి తర్వాత కాచకు. మొదటి రెండు నిమిషాలు మూత పెట్టకు. ఉడికేటప్పుడు గింజల్లోంచి వచ్చే పులుపు ఆవిరితో పోవాలి, లోపలే ఉండిపోతే ఆ పచ్చరంగు మాసిపోతుంది. నిమ్మరసం పిండదలిస్తే దించాక పిండు. లేతవైతే నాలుగైదు నిమిషాలు, ఫ్రీజర్‌వైతే రెండు మూడు. ఒక గింజని బొటనవేలితో నొక్కి చూడు, తొక్క ఊడకుండా లోపల మెత్తగా నలిగితే దించెయ్. కుక్కర్ ఎండు బఠాణీలకి కావాలి గానీ వీటికి అక్కర్లేదు. అడుగున మిగిలిన రెండు చెంచాల నీళ్లు వార్చకు, వండుతున్నదాంట్లోనే కలిపెయ్. వేడి గింజల్ని చిల్లుల గిన్నెలో ఉత్తినే వదిలేసినా చూస్తుండగానే ముడతలు పడిపోతాయి.

కాయలు కొంటే ఆ రోజే వండు, లేదంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. కోసిన దగ్గర్నుంచి అందులోని చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది. రెండు రోజులు బయట పడున్న కాయల కన్నా ఫ్రీజర్ గింజలే మేలు. వాటిని కోసిన కొద్దిసేపటికే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. విటమిన్ సి కొంత తగ్గినా మాంసకృత్తులు దాదాపు అంతే ఉంటాయి. డబ్బాలో వచ్చేవాటిలో ఉప్పు ఎక్కువ, రెండుసార్లు కడుక్కో. విడిగా అమ్మే గింజల్ని నీళ్లలో వేసి ఓ అరగంట ఉంచు. నీళ్లు పచ్చగా మారాయంటే రంగు వేశారన్నమాట, పారెయ్.

ఇప్పుడు మీ ఇంట్లో వాళ్ల సంగతి. బాబుకి ఏడాదిన్నరే కాబట్టి గింజ గింజగా పెట్టకు, గొంతులో అడ్డుపడొచ్చు. వేళ్లతో చిదిమి పెట్టు. మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచు, ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుంది. నీకు రక్తం తక్కువన్నావు కాబట్టి నువ్వు తినేటప్పుడు పైన నిమ్మరసం పిండుకో, ఆ ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగకు, ఓ గంట ఆగు.

మీ మామగారి విషయంలో మాత్రం జాగ్రత్త. 100 గ్రాముల ఉడికిన బఠాణీల్లో 270 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మనకి అది మంచిదే గానీ, కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్లకి లెక్క చూసుకునే పెట్టాలి. ఆయనకి పెట్టేముందు ఈసారి రక్తపరీక్ష రిపోర్టు పట్టుకెళ్లి, ఎంత పెట్టొచ్చో డాక్టర్‌ని చెంచాల లెక్కన అడుగు. ఏం చెప్పారో నాకూ రాయి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ