అత్తవారింట్లో తొలి క్రిస్మస్‌కు ఏ సినిమా? మిస్సమ్మ పెట్టండి, ముగింపు రాకముందే ఆపేయండి

"పెళ్లయ్యాక ఇది మా తొలి క్రిస్మస్. ఇద్దరికీ సినిమాల పిచ్చి. అత్తవారింట్లో అందరం కలిసి ఏటా ఒక సినిమా చూసే ఆనవాయితీ మొదలుపెడదామనుకుంటున్నాం. ఏ సినిమా అయితే బాగుంటుంది?" అని అడిగారు.

మిస్సమ్మ. ఇక రెండో మాట లేదు. 1955 నాటి విజయా వారి మిస్సమ్మ. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తూ అప్పాపురం వెళ్లే క్రైస్తవ అమ్మాయి మేరీ, ఒక హిందూ అబ్బాయి కథ. అందులో మంచు కురవదు, క్రిస్మస్ చెట్టు ఉండదు, క్రిస్మస్ తాత అసలే రాడు. విడుదలైంది కూడా జనవరి 12న, సంక్రాంతి ముంగిట్లో. అయినా మా ఇంట్లో క్రిస్మస్ సినిమా అంటే అదే.

సినిమా సంగతికి ముందు ఒకటి చూసుకోండి. డిసెంబరు ఇరవై మూడో తేదీ రాత్రి మీ అత్తవారింట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయి? మా ఇంట్లో అయితే మగవాళ్లవి మాత్రమే. ఆడవాళ్లందరూ పొయ్యి చుట్టూ ఉంటారు. క్రిస్మస్‌కు తప్పక చూడాల్సిన పాతిక సినిమాలంటూ జాబితాలు రాసేవాళ్లు జీవితంలో ఒక్క అరిసె కూడా నూనెలో వేసి ఉండరు. వాళ్లకు పండుగంటే సోఫా, దుప్పటి, వేడి పాలు. మనకు పండుగంటే మూకుడు.

మాది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన సంగతి మా నాన్నగారు నిన్న సాయంత్రం చూసినట్టే చెబుతారు. మా ఆయన వాళ్లు ఉయ్యూరు దగ్గర ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. రెండు ఇళ్లకూ మధ్య కృష్ణ ఒక్కటే అడ్డం, కానీ పండుగ మాత్రం వేరు. మాకు తెల్లవారుజామున ఆరాధన, వాళ్లకు అర్ధరాత్రి పూజ. మా అమ్మ అరిసెలు, సున్నుండలు చేస్తే చాలనుకుంటుంది. వాళ్లింట్లో గులాబీ పువ్వులనే పిండివంట లేని క్రిస్మస్ క్రిస్మస్ కాదు. పశువుల పాక కట్టడానికి మామయ్య వరిగడ్డిని నెలరోజుల ముందే ఏరి దాస్తారు. మా ఇంట్లో నక్షత్రం వేలాడదీసి ఊరుకునేవాళ్లం. అలా రెండు పద్ధతుల మధ్యకు కోడలిగా వచ్చిన నాకు ఆ ఇంటి వంటగది కంటే ముందు ఆ ఇంటి టీవీ అర్థమైంది.

మా ఇద్దరికీ పెళ్లికి ముందు నుంచీ ఇష్టమైన సినిమా హోమ్ అలోన్. 1990 నాటిది. చిన్నప్పుడు ఇద్దరం టీవీలోనే చూశాం. మీలాగే ఆనవాయితీ మొదలుపెడదామన్న ఉత్సాహంతో మా ఆయన టీవీని వసారాలోకి జరిపి, సరిగ్గా గులాబీ పువ్వులు వేసే వేళకు ఆ సినిమా పెట్టారు.

గులాబీ పువ్వుల పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. బియ్యప్పిండి, మైదా, గుడ్లు, పంచదార, నువ్వులు కలిపిన జారుపిండి ఒక గిన్నెలో ఉంటుంది. పువ్వు ఆకారంలో ఉండే ఇనుప అచ్చుకు పొడవాటి కాడ ఉంటుంది. ముందు అచ్చును నూనెలో ముంచి కాల్చాలి. తర్వాత పిండిలో ముంచాలి, అదీ ముప్పావు వంతే. పిండి అచ్చు పైఅంచును దాటిందా, పువ్వు ఇక ఊడి రాదు. తిరిగి నూనెలో పెట్టి, అంచులు రంగు తిరుగుతుండగా చెయ్యి చిన్నగా ఆడిస్తే పువ్వు తనంతట తానే జారి తేలాలి. అచ్చు చల్లబడితే పిండి పట్టదు, మరీ వేడెక్కితే పిండి గిన్నెలోనే ఉడికి ఊడిపోతుంది. అంటే కళ్లు ఆ అచ్చు మీదే ఉండాలి.

అత్తయ్య పీట వేసుకుని అచ్చు పట్టారు. నేను పువ్వులు తీసి పళ్లెంలో పేరుస్తున్నాను. సినిమా ఇంగ్లీషులో నడుస్తుంటే మా ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నారు. కుటుంబమంతా విమానం ఎక్కేసి పిల్లవాణ్ణి ఇంట్లో మరచిపోయారని తెలియగానే అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"తలకాయలు లెక్కపెట్టుకోకుండానే బయల్దేరారా?"

"లెక్కపెట్టారమ్మా. పక్కింటి పిల్లవాడు అక్కడే తచ్చాడుతుంటే వాణ్ణి కూడా కలిపి లెక్కపెట్టేశారు."

"పక్కింటి పిల్లవాణ్ణి గుర్తుపట్టలేదా? అదేం ఊరు? వాళ్లకూ వీళ్లకూ మాటలు లేవా?"

మా ఆయన దగ్గర జవాబు లేదు. మామయ్య అందుకున్నారు. "అసలు పండుగ పూట ఇల్లు వదిలి ఎక్కడికో పోవడమేమిటి?" ఈలోగా అచ్చు నూనెలోనే ఉండిపోయింది. పువ్వు కాస్తా బొగ్గు రంగుకు తిరిగింది. దొంగలు మెట్ల మీద నుంచి పడుతుంటే అందరం నవ్వాం, నిజమే. కానీ ఆ నవ్వు ఖరీదు ఒక వాయి. బిడ్డ కోసం తల్లి బ్యాండువాళ్ల వ్యాన్ ఎక్కి వచ్చే చోట అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకున్నారు, ఇంకో వాయి పోయింది. చివరకు పొయ్యి తగ్గించి అన్నారు: "సినిమా బాగుందిరా, కానీ ఇది కళ్లు అడుగుతోంది. చెవులతో చూసేది ఏదైనా పెట్టు."

అలా వచ్చింది మిస్సమ్మ. టీవీకి వీపు పెట్టి కూర్చుని, ఒక్క దృశ్యం కూడా చూడకుండా అత్తయ్య సినిమా చూశారు. సావిత్రి నోరు విప్పకముందే ఆ మాట ఈవిడ అనేవారు. రేలంగి దేవయ్యగా నాలుగు పైసల కోసం చెయ్యి చాపే చోట పువ్వులు తీసే గరిటెతో తానూ చాపారు. మేరీమాతను వేడుకునే పాటలో పి.లీల గొంతు అందుకోగానే అచ్చు పక్కన పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, మళ్లీ పనిలో పడ్డారు. ఒక్క పువ్వు మాడలేదు.

మామయ్య ఏటా చెప్పే కథ కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. మేరీ వేషం ముందు భానుమతిది. కొంత చిత్రీకరణ కూడా అయింది. వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కు ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణికీ ఆవిడకూ మాట పట్టింపు వచ్చింది. క్షమాపణ చెప్పమంటే ఆవిడ చెప్పలేదు, తీసిన భాగాన్ని ఆయన తగలబెట్టించారు. అలా మేరీ వేషం సావిత్రికి దక్కింది, సావిత్రికి అనుకున్న వేషం జమునకు వెళ్లింది. "వరలక్ష్మీ వ్రతం వల్ల మనకు ఈ మేరీ దొరికింది" అని మామయ్య ముక్తాయింపు.

క్యారల్స్ బృందం కూడా ఆ నడుమే వచ్చింది. మా ఊళ్లలో వాళ్లు వచ్చే వేళకు లెక్కాపత్రం ఉండదని మీకూ తెలిసే ఉంటుంది. ఇదివరకు డోలక్, తాళాలు పట్టుకుని వచ్చి వాకిట్లో రారె చూతము పాట అందుకుంటే నిద్రలో ఉన్న పిల్లలు కూడా లేచి వచ్చేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరు మీద స్పీకర్ల గుట్ట వస్తుంది. వెనక క్రిస్మస్ తాత ముసుగులో ఎవరో తెలియదు, ఏ పాటో తెలియదు, కిటికీ అద్దాలు మాత్రం వణుకుతాయి. నక్షత్రాల సంగతి ఇంకా ఘోరం. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి గెడకు కట్టే ఓపిక ఎవరికీ లేదు. ప్లాస్టిక్‌ది కొనడం, ఫిబ్రవరి దాకా దించకుండా వదిలేయడం. సరే, నా బాధ వేరు. మీరడిగింది సినిమా గురించి.

అసలు విషయం ఇప్పుడు. మిస్సమ్మను మా అత్తయ్య చివరిదాకా ఎప్పుడూ చూడనివ్వరు. నాగేశ్వరరావు అపరాధ పరిశోధన ముదిరి, కాలి మీద పుట్టుమచ్చ సంగతి బయటపడబోతుందనగా రిమోట్ తీసుకుని టీవీ కట్టేస్తారు. మొదటిసారి నేను బిత్తరపోయాను. మేరీ నిజానికి జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలే ఘట్టం అది.

"అదేమిటత్తయ్యా, అసలు కథ ఇప్పుడే కదా?" అన్నాను.

"మేరీ మేరీగానే ఉంటే వాడు పెళ్లి చేసుకోడా? అప్పాపురం వెళ్లింది మేరీ. పోట్లాడింది మేరీ. వాడు మనసు పడింది మేరీ మీద. మధ్యలో ఈ మహాలక్ష్మి ఎవరమ్మా?"

నేను చూసిన సినిమా విమర్శలన్నిటిలో ఇంత పదునైనది లేదు. మూడు గంటల సినిమాలో ఎన్‌టీఆర్, సావిత్రి భార్యాభర్తలుగా నటిస్తూ కీచులాడుకుంటూనే ఒకరికొకరు అలవాటైపోతారు. పింగళి పాటలు, రాజేశ్వరరావు సంగీతం ఆ దగ్గరితనాన్ని అంచెలంచెలుగా అల్లుతాయి. ఇంత చేసి, వేర్వేరు మతాల ఇద్దరికి పెళ్లి అనే చిక్కు రాగానే ఆవిడ పుట్టుకే మార్చేసి చేతులు దులుపుకున్నారు. 1955లో అంతకంటే చేయలేకపోయారేమో. మా వసారాలో మాత్రం మేరీ ఇప్పటికీ మేరీయే. మా ఆయన ఏటా గొణుగుతారు, సగం సినిమా చూసినట్టుందని. గొణగనివ్వండి.

కరుణామయుడు పెట్టమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. సినిమా గొప్పది, అందులో వాదన లేదు. 1978 డిసెంబరులో వచ్చింది, ప్రకాశం పంతులు గారి మనవడు విజయచందర్ యేసుగా నటించారు. ఊరూరా తెర కట్టి చూపించారు. కానీ అది శుభ శుక్రవారం సినిమా. పుట్టినరోజు నాడు కొరడా దెబ్బలు, మేకులు చూపించి ఇంటిల్లిపాదినీ ఏడిపించడం ఏ టీవీ వాళ్లకు తోచిందో గానీ, పులావు గొంతు దిగదు.

మీ ఆనవాయితీ అన్న మాట గురించి కూడా ఒకటి. అమెరికావాళ్లు ఏటా కొలిచే ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ 1946లో వచ్చినప్పుడు పెట్టిన డబ్బు కూడా రాబట్టలేదు. 1974లో హక్కులు పొడిగించుకోవడం మరచిపోయారు. ఉచితంగా దొరికింది కదా అని టీవీ కేంద్రాలన్నీ డిసెంబరులో దాన్నే తిప్పితిప్పి వేశాయి, జనానికి అలవాటైపోయింది. పండుగ సినిమాలన్నీ ఇలాగే పుడతాయని నా గట్టి నమ్మకం. ఎవరూ ఎంపిక చేయరు. పని నడుస్తుండగా పక్కన మోగేది మిగిలిపోతుంది. కాబట్టి "ఈ ఏడు నుంచి మన ఇంట్లో ఇది ఆనవాయితీ" అని అత్తవారింట్లో ప్రకటించకండి. అలా ప్రకటిస్తే మీ ఆడపడుచు ఇంకో సినిమా పేరు చెబుతుంది, పండుగ పూట ఓటింగు పెట్టుకోవాల్సి వస్తుంది.

మీరిద్దరే చూసుకునే సినిమా ఏదైనా ఉంటే దాన్ని ఇరవై ఆరో తేదీకి దాచుకోండి. ఆ రోజు పొయ్యి వెలగదు, మిగిలిన పులావు ఉంటుంది, పెద్దవాళ్లు మధ్యాహ్నం నుంచే పడుకుంటారు. మా హోమ్ అలోన్ ఇప్పుడు ఆ రోజుకే మారింది. పక్క గదిలోంచి అత్తయ్య మాత్రం అడుగుతూనే ఉంటారు, ఈసారైనా పిల్లవాణ్ణి తీసుకువెళ్లారా అని.