కొత్త అట్ట ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు

బుజ్జీ,

గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రలు నూటికి నూరుపాళ్లూ పనిచేస్తాయా పిన్నీ అని అడిగావు కదా. ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే ఏడాది మొత్తంలో వందమందిలో ఒకరికి కూడా గర్భం రాదు. మనలాగా మరిచిపోతూ, గుర్తొచ్చినప్పుడు మింగేవాళ్లనీ కలిపి లెక్కేస్తే మాత్రం వందకి ఏడుగురి దాకా వస్తుంది. మందు అదే, తేడా అంతా మతిమరుపుదే.

అందులో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అని రెండు హార్మోన్లు ఉంటాయి. రోజూ అవి ఒంట్లో పడుతుంటే అండాశయం నిద్రపోయినట్టే ఉండి అండాన్ని వదలదు, పైగా గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. ఈ నిద్ర పట్టడానికి వరసగా ఏడు మాత్రలు కావాలి. మాత్ర లేకుండా ఏడు రోజులు దాటితే మళ్లీ మెలకువ వచ్చే ప్రమాదం ఉంది. ఎక్కువ రకాల అట్టల్లో 21 మందు మాత్రలు, మిగతా 7 ఉత్తుత్తివి. అంటే మనకున్న వెసులుబాటు మొత్తం ఆ వారంలోనే అయిపోతుంది, అందుకే కొత్త అట్ట ఆలస్యం కావడం అన్నిటికన్నా చెడ్డది. నేను చేసిన తప్పు అదే. మధ్యలో ఒకటి మరిచిపోతే గుండె దడదడలాడేది గానీ, ఒకసారి అట్ట అయిపోయిందని చూసుకోక రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టి, రెండు రోజులే కదా అనుకున్నాను. ఆ నెల టెస్టు కిట్టు మీద ఒకే గీత కనిపించేదాకా కంటి మీద కునుకు లేదు! ఎప్పుడూ ఒక అట్ట అదనంగా ఉంచుకో.

ఒకటి మరిచిపోతే గుర్తురాగానే వేసుకో, ఆ రోజు రెండు పడినా ఫర్వాలేదు. రెండో అంతకన్నా ఎక్కువో పోతే చివరగా మరిచిపోయినది మాత్రం వేసుకుని, అంతకుముందు మరిచిపోయినవి వదిలేసి, వరసగా ఏడు మాత్రలు పడేదాకా కండోమ్ వాడాలి. అది మూడో వారంలో జరిగితే ఉత్తుత్తి మాత్రల జోలికి పోకుండా నేరుగా కొత్త అట్ట మొదలుపెట్టు. మొదటి వారంలో అయ్యి, ఆ మధ్య కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ని అడుగు, ఎమర్జెన్సీ మాత్ర అవసరం కావచ్చు. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకో.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే కొన్ని మందులు వీటి బలం తగ్గిస్తాయి కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మాత్రలు వాడుతున్నానని చెప్పు. మొదటి రెండు మూడు నెలలు మధ్యమధ్యలో కొంచెం రక్తం కనిపించడం, వికారం మామూలే, రాత్రి తిన్నాక వేసుకుంటే నయం. సుఖవ్యాధుల్ని మాత్రం ఇవి ఆపవు.

ఇంకోటి, నీకు తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయన్నావు గుర్తుందా? ఆ రకం మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. డాక్టరుకి ముందు ఆ మాటే చెప్పు, బీపీ కూడా చూపించుకుని ఎంత వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు. అప్పటిదాకా అట్ట విప్పకు.

పిన్ని