కీ ఫైలు బీరువాలో ఉండాలి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో ఉద్యోగం మానేసి, మన గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద గది తీసుకుని, రైతులు కోల్డ్ స్టోరేజీల్లో దాచుకున్న మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క చూపే యాప్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సాయంత్రం వీధిలో కనిపించిన వారందరికీ ఆ సంగతి చెప్పుకున్నాను; రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ తయారు చేసే ఫ్లట్టర్ ఎంచుకున్నావట, మంచిదే. ప్లే స్టోర్ నీ యాప్‌ను గుర్తుపట్టే ప్యాకేజీ పేరు మొదటి రోజే ఖాయం చేసుకో, ప్లే స్టోర్‌లోకి వెళ్లాక మార్చడానికి వీలుండదు. ఐఫోన్ యాప్ తయారీకి మ్యాక్ కంప్యూటరు కావాలి, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌కైతే ఒక్కసారి 25 డాలర్లతో సరిపోతుంది. నీ రైతుల చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే కనుక మ్యాక్ కోసం ఇప్పుడే అప్పు చేయకు.

నా భయమల్లా సైనింగ్ కీ గురించే, అంటే యాప్ మనదేనని దాని మీద సంతకం చేసే రహస్య ఫైలు గురించి. 2016లో నేను కార్డోవా అనే యాప్ తయారీ సాధనంతో మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారులకు ఖాతాల యాప్ చేసి ఇచ్చాను. ప్రాజెక్టు మొత్తం డీ డ్రైవ్‌లో ఉండేది, కీ ఫైలును మాత్రం చేతికి అందుబాటులో ఉంటుందని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఒక ఆదివారం సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశాను. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే అన్న సంగతి, ఇరవై ఏళ్లుగా కంప్యూటరు వాడుతున్న నాకు ఆ పూట తట్టలేదు. తరుగు లెక్కలో దొర్లిన తప్పును సరిచేసి అప్‌డేట్ పెట్టబోతే, సంతకం పాతదానితో కలవడం లేదని ప్లే స్టోర్ తిప్పికొట్టింది. కోడ్ అక్షరం పోకుండా నా దగ్గరే ఉన్నా అది నా యాప్ అని నిరూపించుకోలేకపోయాను. చివరకు కొత్త ప్యాకేజీ పేరుతో మరో యాప్ పెట్టి, ఘాటుకు తుమ్ముకుంటూ కొట్టుకొట్టుకూ తిరిగి, పాత యాప్‌లోని ఖాతాలు కొత్తదానికి కనిపించవు కనుక ఒక్కొక్కరి బాకీలూ కాగితం మీద ఎక్కించుకుని మళ్లీ టైపు చేశాను. ఒక పెద్దాయన తన ఫోను నా చేతికివ్వకుండా, "నీ లెక్క నీకే నిలవలేదు, నా లెక్క ఏం నిలబెడతావయ్యా" అన్నాడు.

ఇప్పుడు అలా జరగదు మావయ్యా అంటావని తెలుసు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌ల సైనింగ్ కీ గూగుల్ దగ్గరే భద్రంగా ఉంటోంది, యాప్‌ను గూగుల్‌కు పంపేటప్పుడు నువ్వు సంతకం చేసే అప్‌లోడ్ కీ పోయినా అడిగి మార్చుకోవచ్చు. కానీ ముందుగా ఏపీకేని, అంటే యాప్ ఫైలును, నేరుగా వాట్సాప్‌లో పంపి గుమాస్తాల చేత వాడించి చూస్తావని మీ అమ్మ అన్నదే, గుండె గుభేలుమన్నది అక్కడ! ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టులో జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డు కూడా, నువ్వు మార్చేదాకా, నీ ల్యాప్‌టాప్‌లో పరీక్షల కోసం ఉండే డీబగ్ కీతోనే సంతకమవుతుంది. అలాంటి ఏపీకే ఉన్న ఫోనులో, గూగుల్ వేరే కీతో సంతకం చేసిన ప్లే స్టోర్ యాప్ దాని మీద ఎక్కదు. పాతది తీసేయాలి, తీసేస్తే ఆ ఫోనులో దాచిన లెక్కలన్నీ పోతాయి. అందుకని గుమాస్తాలకు కూడా ప్లే స్టోర్‌లోని టెస్టింగ్ ట్రాక్ (విడుదలకు ముందు పరీక్షించేవారికి ఇచ్చే దారి) ద్వారానే ఇవ్వు తల్లీ, రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

కోపగించుకోకు. కాలేజీ రోజుల్లో నీ హాల్ టికెట్ నాలుగు జిరాక్సులు తీయించి పెట్టినవాడిని, నా తీరు నీకు తెలియనిది కాదు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు అప్‌లోడ్ కీ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాస్‌వర్డును వేరే కాగితం మీద వ్రాసి తీసుకురా. బీరువాలో పొలం దస్తావేజుల పక్కన మీ అత్తయ్య ఇప్పటికే చోటు చేసింది.