తాతయ్య లెన్సులకు అడాప్టర్ కొనేముందు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య లెన్సులు మూడూ నీ కొత్త నికాన్ జెడ్ కెమెరాకు పెట్టుకుంటానని నువ్వు రాస్తే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ 50 మి.మీ. లెన్సు మీదే నేను ఫోకస్ తిప్పడం నేర్చుకున్నాను. అవి బీరువాలో బూజు పట్టిపోకుండా నీ చేతిలో తిరుగుతాయంటే నాకు అంతకంటే ఏం కావాలి! అయితే పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే అడాప్టర్ దగ్గర మాత్రం తొందరపడకు. రింగే కదా, ఏదైతే ఏం అనుకుని నేను ఒకసారి చాలాకాలం మోసపోయాను.

ముందు ఇది అర్థం చేసుకో. మౌంట్‌కీ (లెన్సు కెమెరాకు బిగిసే చోటు) సెన్సర్‌కీ (కెమెరా లోపల బొమ్మను పట్టే పలక) మధ్య ఎంత దూరం ఉండాలో లెన్సు చేసినప్పుడే ఖాయమైపోతుంది. తాతయ్య నికాన్ లెన్సులకు అది 46.5 మి.మీ. పాత కెమెరాల్లోలా నీ కెమెరాలో అద్దం లేదు కాబట్టి ఆ దూరం 16 మి.మీ.కి తగ్గింది. మిగిలిన 30.5 మి.మీ. నింపడమే అడాప్టర్ పని. స్క్రూలా తిప్పి బిగించే మూడో లెన్సు ఉంది చూడు, దాన్ని ఎం42 అంటారు. దానికి కావలసింది 45.46 మి.మీ., అంటే అడాప్టర్ మందం 29.46. ఇలా పాత లెన్సుకు దూరం ఎక్కువ, కొత్త బాడీకి తక్కువ అయితే చింత లేదు. తేడా తిరగబడితేనే కష్టం. పాత కానన్ ఎఫ్‌డీ లెన్సుకు 42 మి.మీ. కావాలి, కానన్ ఈఎఫ్ బాడీకి 44 ఉంటుంది. అక్కడ మధ్యలో ఒక గాజు పెడితే తప్ప దూరంలో ఉన్నది ఫోకస్ కాదు, ఆ గాజు లెన్సు పనితనాన్ని తినేస్తుంది. నీకు ఆ బెడద లేదు.

ఇప్పుడు నా సంగతి. నా 24 మి.మీ. లెన్సుకు ఒక అడాప్టర్ కొన్నాను. పగలు అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎఫ్ 8కి చిన్నది చేసి తీసినవన్నీ బాగానే వచ్చేవి. ఒక రాత్రి అపెర్చర్ పూర్తిగా తెరిచి నక్షత్రాలు తీస్తే, ఫోకస్ రింగ్ చివరిదాకా తిప్పినా అవి చుక్కల్లా కాక చిన్న చిన్న గుండ్రటి మచ్చల్లా పడ్డాయి. లెన్సు పాడైపోయిందనుకుని దాన్ని పక్కన పడేశాను. చాన్నాళ్లకు వేరే అడాప్టర్ మీద పెట్టి చూస్తే అదే లెన్సు సూదిమొనలా చూపించింది. మొదటి అడాప్టర్ మందం ఓ వెంట్రుకవాసి ఎక్కువ, అంతే. లెక్క వేసి చూడు: అడాప్టర్ 0.1 మి.మీ. ఎక్కువైతే 50 మి.మీ. లెన్సు సుమారు 25 మీటర్లు దాటి ఫోకస్ చేయలేదు. 24 మి.మీ. లెన్సయితే ఆరు మీటర్లలోపే ఆగిపోతుంది. పగలు తెలియకపోవడానికి కారణం ఎఫ్ 8. చిన్న అపెర్చర్ తప్పును కప్పేస్తుంది.

అందుకే అడాప్టర్ చేతికి రాగానే, వాపసు ఇచ్చే గడువు ఉండగానే, ఒక నక్షత్రాన్నో దూరపు దీపాన్నో తెరమీద పెద్దది చేసి చూడు. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఫోకస్ రింగ్‌ను దూరం వైపు చివరిదాకా మెల్లగా తిప్పు. చుక్క పదునెక్కి, ఆ తర్వాత కాస్త మళ్లీ మసకబారితే ఆ అడాప్టర్ ఉంచుకో. చాలామంది తయారీదార్లు కావాలనే పిసరంత తక్కువ మందంతో చేస్తారు. అప్పుడు లెన్సు మీది ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తును నమ్మకు, కంటితోనే ఫోకస్ చెయ్యి. రింగ్ ఆగిపోయినా చుక్క ఇంకా పదునెక్కకపోతే మాత్రం మొహమాటపడకుండా తిప్పి పంపెయ్.

ఇక అపెర్చర్‌ను ఎవరు కదుపుతారన్నది చూడాలి. తాతయ్య 50 ఏఐ అనే పాత రకం, చిప్ ఉండదు, దాని మీది అపెర్చర్ రింగ్ తిప్పితే అదే మూసుకుంటుంది. 80-200 జూమ్ పేరులో ఏఎఫ్, డి అని ఉంది కదా, దానికి లోపల చిప్ ఉంది కానీ మోటారు లేదు. ఈ రెంటికీ కలిపి నికాన్ వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఒక్కటి కొంటే చాలు. జూమ్ మీది అపెర్చర్ రింగ్‌ను అన్నిటికంటే పెద్ద అంకె దగ్గర లాక్ చేస్తే అపెర్చర్ కెమెరాలోంచే మారుతుంది. ఆటోఫోకస్ మాత్రం రాదు, ఎఫ్‌టీజెడ్‌లోనూ దాన్ని తిప్పే మోటారు లేదు. అది వస్తుందనుకుని కొని బాధపడకు.

స్క్రూ లెన్సుకు చిప్ లేని మామూలు గొట్టం అడాప్టర్ సరిపోతుంది. కానీ ముందు లెన్సు తిరగేసి చూడు. వెనక అంచు దగ్గర సన్నటి పిన్ను ఉందా? ఉంటే వేలితో నొక్కుతూ ముందునుంచి చూడు, అపెర్చర్ రేకులు మూసుకుంటాయి. వదిలితే తెరుచుకుంటాయి. అలాంటి లెన్సుకు ఆ పిన్నును నొక్కి ఉంచే లోపలి అంచున్న అడాప్టరే తీసుకోవాలి, లేకపోతే నువ్వు అపెర్చర్ రింగ్ ఎంత తిప్పినా అది తెరుచుకునే ఉంటుంది. పక్కన ఏ, ఎం అని చిన్న మీట ఉంటే మాత్రం ఏ గొట్టమైనా పర్వాలేదు, మీటను ఎం వైపు పెట్టుకో.

గొట్టం లోపలి గోడ మెరవకూడదు. మెరిస్తే ఎదురు వెలుతురులో ఫొటో అంతా తెల్లటి పొర కప్పినట్టవుతుంది. బిగించాక లెన్సు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపి చూడు, టకటకమంటే అది వద్దు. జూమ్ బరువైనది కాబట్టి స్టాండు మీద పెట్టేటప్పుడు కెమెరాకు కాక జూమ్ చుట్టూ ఉండే పట్టీకే (కాలర్) బిగించు. బరువంతా అడాప్టర్ మౌంట్ మీద వేలాడనివ్వకు.

ఇంకొకటి, చిప్ లేని లెన్సు పెట్టినప్పుడల్లా మెనూలో దాని ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు మీది మి.మీ. అంకె, నువ్వే చెప్పాలి. బాడీలోని కుదుపుల నియంత్రణ ఆ అంకెను చూసే సెన్సర్‌ను కదుపుతుంది. లెన్సు మార్చి అంకె మార్చడం మర్చిపోతే ఫొటో చెదిరే ప్రమాదం ఉంది.

స్క్రూ లెన్సు వెనక పిన్ను, మీట ఉన్నాయో లేదో చూసి ఒక ఫొటో తీసి పంపు. అది చూశాకే ఏ గొట్టం కొనాలో చెప్తాను.

ప్రేమతో,
పెదనాన్న